రెండు నూళ్లు

చిలకపాలెం జంక్షన్ దాటాక
లారీ టైర్ల కొట్టు వెనక మా షెడ్డు.
నాలుగు ఇటుక దిమ్మల మీద లాండ్‌మాస్టరు.
చక్రాల్లేవు, సీట్లు లేవు, అద్దాలు గోనెసంచిలో ఉన్నాయి.
కళింగపట్నంలో పురుళ్లు పోసిన ఎస్తేరు డాక్టరమ్మ
పోతూ పోతూ డ్రైవరు కూర్మన్న పేర రాసిన బండి.
కూర్మన్నా పోయాడు.
వాళ్లమ్మాయి రవణమ్మ టీచరు
నెలకింతని వాయిదాల్లో కడుతున్నారు మాకు.

పైనుంచి చూస్తే బాగానే ఉంది.
జోగాచారి మావ సుత్తి పిడితో తట్టుకుంటూ పోయాడు.
బోనెట్టు పలికింది, టాపు పలికింది,
తలుపు కింది గడప మాత్రం
తడిసిన అట్టలా ఊరుకుంది.
"కడుపులో తినీసింది" అన్నాడు.

నేనప్పటికే కటింగ్ బ్లేడు బిగించేశాను.
ప్లగ్గు పీకేశాడు.
"తొందరేటే గుంటా?
ఈ బండికి కింద వేరే చట్రం నేదు.
గడపే ఎన్ను, గడపే నడుం.
దన్నెట్టకుండా కోసీసినావంటే నడిమికి కుంగిపోద్ది.
మరింక ఏ తలుపూ దాని సోటికి అది రాదు."

అందుకని ముందు కొయ్యలేదు, కట్టాం.
ముప్పావంగుళం పైపులు
తలుపు సందుల్లో అడ్డంగా, ఐమూలగా,
ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి
విరిగిన కాలికి బద్దలు కట్టినట్టు.

బిగించేముందు కొలవాలి.
టేపంటే మావకి నమ్మకం లేదు.
మా అమ్మ పొందూరులో వడికిన నూలు,
వాలుగ చేప దవడతో ఏకిన పత్తి,
నాలుగు పోగులు పేని ఇచ్చింది.
ఈ మూల నుంచి ఆ మూలకి లాగి ముడేశాను.
రెండో ఐమూలకి పడితే
ముడి రెండు నూళ్లు దాటిపోయింది.

అంగుళంలో ఎనిమిదో వంతునీ నూలనే అంటారు.
అమ్మ నూలూ మావ నూలూ
ఆ పూట నా చేతిలో తగువు పడ్డాయి.

"డ్రైవరు పక్క దిగింది. మనిషి దిట్టమైనోడేటి?"
ఫోన్ చేసి అడిగితే టీచరుగారు నవ్వారు:
"నాన్న ఎక్కితే బండి ఒకసారి మూలిగేది."

ముప్పై ఏళ్ల మూలుగు.
జాకీ కింద చెక్కదిమ్మ, పావు తిప్పు తిప్పడం,
ఆగడం, నూలు పట్టడం, మళ్లీ పావు తిప్పు.
దీపాలు పెట్టేవేళకి
రెండు ఐమూలలకీ ఒకటే ముడి.

అప్పుడు కోశాం.
గడపలోంచి గుప్పెడు కళింగపట్నం ఇసక,
ఒక పిన్నీసు,
ఎప్పుడో ఎవరో లోపల అతికిన డాల్డా డబ్బా రేకు,
దాని మీద చెట్టుబొమ్మ ఇంకా పచ్చగా.
మావ దాన్ని పారెయ్యనివ్వలేదు.
"ఆడికి దొరికింది అదే, పాపం"
అన్నాడు మొహం తెలియని టింకరు గురించి.

కొత్త గడప పద్దెనిమిదో గేజి.
లోపల ఇంకో పొర, రెండింటి మధ్య చిల్లుల పట్టీ,
రెడాక్సైడు ఆరాకే మూత.
ఒక్కచోటే కాలిస్తే రేకు అలుగుతుంది.
ఇక్కడొక చుక్క, ఆ చివరొక చుక్క,
మధ్యలో చెయ్యి పెట్టి వేడి చూసుకోవడం.
నాకు కళ్లు మండాయి, బంగాళదుంప ముక్కలు పెట్టుకుని పడుకున్నాను.

పదకొండో రోజు పైపులు కోసేశాం.
ఆఖరిది తెగినప్పుడు బండి ఏమీ అనలేదు.
మావ ఆ పూట టీ రెండుసార్లు తాగాడు, అంతే.

ఆదివారం టీచరుగారు వచ్చారు.
డ్రైవరు తలుపు తీశారు. వేస్తూ
అడుగున చెయ్యి పెట్టి కాస్త పైకెత్తి తోశారు.
తలుపు పైన కొట్టుకుంది.
"ఎత్తక్కర్లేదండి, వదిలెయ్యండి చాలు" అన్నాను.
మళ్లీ వేశారు. మళ్లీ ఎత్తారు.

మావ నా వైపు చూశాడు.
నూలుచుట్ట జేబులోనే ఉంది, ముడి విప్పలేదు.
ఆ మణికట్టుకి పెట్టే జాకీ మా షెడ్డులో లేదు.

మూడోసారి
చెయ్యి తలుపు కింద దాకా వెళ్లి
రెండు నూళ్ల దూరంలో ఆగింది.
తలుపు దానంతటదే పడింది.